ఇంటి వస్తువుల్లో దాగిన కుటుంబ కథ: వెతకడం, అడగడం, రాయడం, కాపాడుకోవడం

మా నాయనమ్మ కత్తెర ఇప్పుడు నా దగ్గర ఉంది. ఇనుప కత్తెర, జానెడు కంటే కాస్త పొడవు. బొటనవేలు పెట్టే రింగుకు గుడ్డ పేలిక చుట్టి, ఊడిపోకుండా దారంతో కుట్టి ఉంటుంది. ఆ పేలిక ఒకప్పుడు ఏ రంగో తెలియనంతగా నల్లబడిపోయింది. రింగు విరిగి ఉంటుంది, అందుకే చుట్టారని చిన్నప్పటి నుంచీ అనుకునేవాణ్ణి.

ఒకసారి మా పెద్దత్తని అడిగితే అసలు సంగతి తెలిసింది. నాయనమ్మది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల కోసం చేసిన కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే రేకులు రెండూ ఎడంగా జరుగుతాయి, గుడ్డ తెగకుండా మధ్యలో మడతపడుతుంది. తెగాలంటే బొటనవేలిని అరచేతి వైపు లాగిపట్టి కత్తిరించాలి. గంటల తరబడి అలా లాగితే వేలు ఒరుసుకుపోతుంది. పేలిక అందుకు. రాత్రిళ్లు పదిమంది బట్టలు కుట్టి, ఆ డబ్బుతోనే నలుగురు పిల్లల్ని చదివించిందట. ‘మాది చదువుకున్న కుటుంబం’ అని మేమంతా గర్వంగా చెప్పుకుంటాం. ఆ చదువు వెనక ఈ కత్తెర ఉందని మా తరంలో ఎవరికీ తెలియదు.

నాన్నని అడిగి ఉంటే ఇంకెన్నో చెప్పేవాడు. అడగాలని నాకు తోచేసరికి నాన్న లేడు. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. వస్తువు పేరు, ధర, వయసు తెలిస్తే కుటుంబం తెలిసినట్టు కాదు. దాన్ని ఎవరు పట్టుకున్నారు, దాంతో ఏ పని చేశారు, ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇవి తెలియాలి. యునెస్కో 1972 ఒప్పందంలో కట్టడాలు, ప్రకృతి ప్రదేశాలే వారసత్వం. 2003లో మరో ఒప్పందం చేసుకుని జ్ఞానం, నైపుణ్యం, ఆచరణలను కూడా వారసత్వమే అన్నారు. ఆ పనులకు వాడే పరికరాలను, వస్తువులను కూడా అందులోనే చేర్చారు. ఇంట్లో మనం చేయబోయేది కూడా అదే. వస్తువునీ పనినీ విడదీయకుండా రాసిపెట్టుకోవడం.

1. పది వస్తువులతో మొదలుపెట్టండి

ఇల్లంతా ఒకేసారి తిరగేస్తే వారంలో విసుగొచ్చి వదిలేస్తారు. పది చాలు. కాకపోతే ఆ పదిలో సగమైనా రోజూ వాడినవి అయ్యుండాలి. బీరువాలో భద్రంగా దాచినవి ఆ ఇంటివాళ్లు నలుగురికీ చూపించాలనుకున్నవి. ఇల్లు నిజంగా ఎలా నడిచిందో చెప్పేవి మాత్రం కత్తెర, సుత్తి, టార్చి లైటు, లెక్కల పుస్తకం, తాళంచెవుల గుత్తి లాంటివి. వీటిని ఎవరూ దాచరు కాబట్టి ముందు పోయేవి కూడా ఇవే.

ఈ పదీ మీరొక్కరే ఎంచుకోకండి. ఇంట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి, ‘ఈ ఇంట్లో నీకు బాగా ముఖ్యమైన వస్తువు ఏది, ఎందుకు?’ అని అడగండి. 1970ల చివర్లో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి, యూజీన్ రాష్‌బర్గ్-హాల్టన్ అనే పరిశోధకులు చికాగో ప్రాంతంలో 82 కుటుంబాలకు చెందిన 315 మందిని ఇలాగే అడిగారు. చిన్నవాళ్లు స్టీరియో లాంటి, తాము వాడుకునే వస్తువుల పేర్లు ఎక్కువగా చెప్పారు. పెద్దవాళ్లు ఫోటోల లాంటి, చూసి తలుచుకునే వస్తువుల పేర్లు చెప్పారు. అంటే జాబితా ఒక్కరే రాస్తే ఆ ఒక్క వయసు చూపే అందులో ఉంటుంది. పదేళ్ల పిల్ల చెప్పిన వస్తువు మీకు చిన్నదిగా అనిపించినా రాయండి.

పది కాక ఇంకో రెండు వరసలు ఖాళీగా వదలండి. అవి ఇప్పుడు ఇంట్లో లేని వస్తువుల కోసం. వరదలో పోయినవి, అమ్ముకున్నవి, తాకట్టు పెట్టి విడిపించుకోలేకపోయినవి, ఉన్నచోటు వదిలి వచ్చేటప్పుడు మోయలేక వదిలేసినవి. వలస వచ్చిన కుటుంబాల్లో ఉన్నవాటి కంటే ఈ లేనివాటి గురించే ఎక్కువ మాట్లాడతారు. ఫోటో ఉండదు కాబట్టి చూసినవాళ్లనే బొమ్మ గీయమనండి. గీత వంకరైనా పరవాలేదు. గీసేటప్పుడే పరిమాణం, రంగు, ఎక్కడ పెట్టేవారు అన్నవి ఒక్కొక్కటిగా గుర్తొస్తాయి.

2. అడిగే ముందు కళ్లతో చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. వస్తువును కిటికీ దగ్గర పగటి వెలుతురులో పెట్టుకుని ఒక పావుగంట చూడండి. తుడవకండి, కడగకండి, పాలిష్ పట్టకండి. నేను కత్తెర పేలిక మురికిగా ఉందని విప్పి కొత్తది చుట్టబోయాను. పెద్దత్త చెయ్యి పట్టుకుని ఆపకపోతే ఈ కథకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం చెత్తబుట్టలో పడేది.

మొదట అరుగుదల చూడండి. పనిముట్టు పిడి ఎక్కడ నున్నబడింది, కుర్చీకి ఏ చెయ్యి ఎక్కువ అరిగింది, నిఘంటువులో ఏ అక్షరం దగ్గర అంచులు నల్లబడ్డాయి, పుస్తకం వదిలేస్తే తనంతట తాను ఏ పేజీ దగ్గర తెరుచుకుంటోంది. అరుగుదలలో ఎవరూ అబద్ధం చెప్పలేరు. ‘మా తాతగారు బాగా చదివేవారు’ అన్న మాట కంటే వేలి ముద్రలతో మాసిన ఆ పేజీ అంచులు గట్టి ఆధారం.

తర్వాత మరమ్మతులు. కుట్టారా, అతికించారా, తీగతో కట్టారా, వేరే వస్తువు ముక్క తెచ్చి తగిలించారా? ఇంట్లోవాళ్లే చేసుకున్నారా, పనివాడితో చేయించారా? ఒకే వస్తువుకు రెండు మూడు రకాల మరమ్మతులు ఉంటే ఏది ముందు, ఏది తర్వాత? సొంత చేత్తో చేసుకున్న మరమ్మతులు ఎక్కువగా ఉన్న ఇంట్లో పొదుపు ఒక విలువగా ఉండి ఉండవచ్చు, లేదా ఆ రోజుల్లో వేరే దారి లేకపోయి ఉండవచ్చు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. ఏదన్నది వస్తువు చెప్పదు, మనుషులు చెప్పాలి. అందుకే తోచిన ప్రశ్నలన్నీ అక్కడికక్కడే కాగితం మీద రాసుకోండి.

చివరగా రాతలు, గుర్తులు. అడుగున గీకిన పేరు, పొడి అక్షరాలు, తేదీ, లోపల అతికించిన చీటీ, పెట్టె అడుగున పరిచిన పాత పేపరు. ఆ పేపరు మీద తేదీ ఉంటుంది. దాన్ని పారేయకండి.

3. వయసు కట్టడం

కొన్ని గుర్తులు తెలిస్తే ఇది తేలికే. 1891 నుంచి అమెరికాకు వచ్చే దిగుమతుల మీద తయారైన దేశం పేరు వేయాలన్న నిబంధన ఉంది. కాబట్టి అటువైపు వెళ్లిన వస్తువు మీద దేశం పేరు ఉంటే చాలావరకు అది ఆ తర్వాతిదే. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఆక్రమణ కాలానిది, ఆ ఆక్రమణ 1952లో ముగిసింది. ఇంగ్లండు వెండి మీద నడుస్తున్న సింహం ముద్ర ఉంటే అందులో 92.5 శాతం వెండి. పక్కన లంగరు బొమ్మ ఉంటే బర్మింగ్‌హామ్‌లోని వెండి పరీక్షా కార్యాలయంలో పరీక్షించినది, ఆ కార్యాలయం 1773లో మొదలైంది. ఇంకో చిన్న అక్షరం ఉంటుంది, అది ఏ సంవత్సరమో చెబుతుంది. సింగర్ కుట్టుమిషన్ల మీద వరస సంఖ్య చెక్కి ఉంటుంది, దాన్నిబట్టి ఎప్పుడు తయారైందో తెలుసుకోవచ్చు.

అయితే తయారైన ఏడాది వేరు, మీ ఇంటికి వచ్చిన ఏడాది వేరు. రెండూ విడిగా రాయండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మిషన్‌ను ‘ముత్తాత కాలం నుంచి ఉంది’ అని చెప్పుకోవడం ఇలాగే మొదలవుతుంది.

ఒక జాగ్రత్త. 1960లకు ముందు చేసిన గడియారాల్లో చీకట్లో మెరిసే అంకెలకు రేడియం రంగు వాడేవారు. మెరుపు ఎప్పుడో ఆగిపోయినా రేడియం అలాగే ఉంటుంది, అది సగానికి తగ్గాలంటేనే 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి గడియారం అద్దం ఇంట్లో విప్పకండి, అంకెలు గీకకండి.

4. పెద్దవాళ్లను అడగడం

ఇక్కడ తొందరపడకూడదు. ఫోన్‌లో ‘అత్తా, ఆ కత్తెర సంగతేంటి?’ అని అడిగితే ‘ఏముందిరా, పాత కత్తెర’ అనే వస్తుంది. వస్తువును తీసుకెళ్లి చేతిలో పెట్టండి. మా పెద్దత్త కత్తెర అందుకోగానే ఏమీ మాట్లాడలేదు. వేలు రింగులో పెట్టి, గాలిలో రెండుసార్లు కత్తిరించి, ‘మా అమ్మ చెయ్యి చిన్నది’ అంది. మిగతాదంతా ఆ తర్వాతే వచ్చింది. చేతులకు గుర్తున్నది నోటికి వెంటనే రాదు.

‘దీని కథ చెప్పండి’ అని అడగకండి, అంత పెద్ద ప్రశ్నకు ఎవరైనా తడబడతారు. చిన్న చిన్నవి అడగండి. ఇది ఇంట్లో ఎక్కడ ఉండేది? పిల్లలు ముట్టుకోవచ్చా? ముట్టుకుంటే ఎవరు తిట్టేవారు? ఎవరికైనా అరువిచ్చేవారా? పాడైతే ఏం చేసేవారు? దీన్ని ఎలా వాడాలో నీకు ఎవరు నేర్పారు? ఒకసారి చేసి చూపిస్తావా? ఈ చివరి ప్రశ్న దగ్గర ఫోన్‌లో వీడియో తీయండి. ముఖం కంటే చేతులు బాగా కనిపించాలి.

మీ ఇంట్లో ఆ వస్తువును ఏ పేరుతో పిలిచేవారో తప్పకుండా అడగండి. ప్రతి ఇంటికీ తనదైన మాటలు కొన్ని ఉంటాయి. బజారులో ఒక పేరు, పుస్తకంలో ఒక పేరు, ఇంట్లో ఎప్పుడో ఒక చిన్నపిల్ల నోరు తిరగక అన్న పేరు. ఆ మాట పలికే మనుషులు తగ్గేకొద్దీ మాట కూడా పోతుంది. యాసతో సహా రికార్డు చేయండి, రాసేటప్పుడు సరిదిద్దకండి.

రికార్డింగ్‌కు ఫోన్ సరిపోతుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ తగ్గించండి, ఫోన్‌ను గుడ్డ మడత మీద మూరెడు దూరంలో ఉంచండి. మొదట్లోనే తేదీ, మాట్లాడేవారి పేరు, వస్తువు పేరు గట్టిగా చెప్పండి. గంట దాటనివ్వకండి. పెద్దవాళ్లకు అలసట వస్తుంది, కొన్నిసార్లు ఏడుపూ వస్తుంది. ఏడిస్తే రికార్డింగ్ ఆపి పక్కన కూర్చోండి. ఇంకో రోజు అడగొచ్చు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే వస్తువుకు వేరు వేరు కథలు చెబుతారు. టెన్షన్ పడి ఏది నిజమో తేల్చాలని చూడకండి. రెండూ రాసి, ఎవరు చెప్పారో పక్కన వేయండి. పెద్దత్త లెక్కలో నాయనమ్మ ఇష్టంగా కుట్టేది. చిన్నత్త లెక్కలో గత్యంతరం లేక కుట్టేది. వాళ్లిద్దరి మధ్య పదకొండేళ్ల తేడా ఉంది. పెద్దామె చూసిన తల్లి వేరు, చిన్నామె చూసిన తల్లి వేరు.

ముగించే ముందు ‘ఇందులో బయటికి చెప్పకూడనిది ఏమైనా ఉందా?’ అని అడగండి. ఉందంటే అంతవరకు తీసేయండి, లేదా వాళ్లు చెప్పిన గడువు దాకా మూసిపెట్టండి. ఆ నమ్మకం ఒక్కసారి పోతే ఇంకెవరూ నోరు విప్పరు.

5. రిజిస్టరులో రాయడం

గట్టి అట్ట ఉన్న రిజిస్టరు ఒకటి తీసుకోండి. వస్తువుకు రెండు పేజీలు. ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య రాసిన చీటీని నూలు దారంతో వస్తువుకు కట్టండి. స్టిక్కర్లు అతికించకండి, జిగురు మరక పోదు. మా రిజిస్టరులో ఒక పేజీ ఇలా ఉంటుంది:

‘సంఖ్య 3. కత్తెర. ఇనుము. పొడవు 26 సెంటీమీటర్లు. ఇంట్లో పేరు: అమ్మ కత్తెర (నాయనమ్మ పోయాక కూడా ఇదే పేరు). ఉండే చోటు: కుట్టుమిషన్ కుడి డ్రాయరు. వాడినవారు: నాయనమ్మ, తర్వాత పెద్దత్త కొన్నాళ్లు. అరుగుదల: పై రేకు మొన విరిగింది, కారణం తెలియదు. మరమ్మతు: బొటనవేలి రింగుకు పేలిక, నాయనమ్మే కుట్టింది. చెప్పినవారు: పెద్దత్త, చిన్నత్త (కథలు వేరు, రెండూ కింద ఉన్నాయి). నేను చూసింది: పేలిక కుట్టు కుడి నుంచి ఎడమకు కాకుండా ఎడమ నుంచి కుడికి సాగింది.’

చూసింది, విన్నది, ఊహించింది మూడూ కలిపేయకండి. ఊహ రాయాల్సి వస్తే ‘నా అనుమానం’ అని ముందు పెట్టండి. ‘తెలియదు’ అని రాయడానికి సంకోచించకండి. నా తర్వాత చదివే పిల్లలు ఆ ఖాళీ చూసి ఇంకెవరినైనా అడుగుతారు.

6. పదీ పక్కపక్కన పెట్టి చదవండి

ఇప్పుడు రిజిస్టరు ముందేసుకుని కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఈ వస్తువుల్లో ఎక్కువ ఏ పనికి సంబంధించినవి? ఆ పని గురించి మన ఇంట్లో గొప్పగా మాట్లాడతారా, మాట్లాడరా? రాతలు ఏ భాషలో, ఏ లిపిలో ఉన్నాయి, ఏ తరంలో భాష మారింది? ఆడవాళ్ల వస్తువులు ఎన్ని, మగవాళ్లవి ఎన్ని? కోడళ్లు, అల్లుళ్లు వెంట తెచ్చిన వస్తువులకు చోటు దొరికిందా, లేక వాళ్ల కుటుంబాల కథ మన రిజిస్టరులో అసలు కనిపించడం లేదా?

మా జాబితాలో తాతయ్యవి ఆరు వస్తువులు. కలం, కళ్లజోడు పెట్టె, మెడల్, ఇలా. నాయనమ్మవి రెండే. ఇల్లు నడిపిన మనిషి పేరు మీద రెండు వస్తువులే మిగలడం చూసి నాకు బాధేసింది. తాతయ్యవి దాచదగ్గవని అందరూ అనుకున్నారు, నాయనమ్మవి అరిగేదాకా వాడుకుని పారేశారు. ఒక కుటుంబం దేన్ని గౌరవించిందో, దేని మీద బతికిందో పక్కపక్కన కనిపించేది ఈ మెట్టులోనే. ఇబ్బందిగా ఉన్నా రాయండి.

ఒకే ఇంట్లో రెండు భాషలవాళ్లో, రెండు ప్రాంతాలవాళ్లో పెళ్లితో కలిసి ఉంటే రెండు వైపుల నుంచీ సమానంగా వస్తువులు తీసుకోండి. పిల్లలకు అవి రెండూ సొంతమే.

7. ఫోటోలు, కాపీలు

ప్రతి వస్తువునూ నాలుగు వైపులా, అడుగు, లోపల, మరమ్మతు దగ్గరగా ఫోటో తీయండి. ఒక ఫోటోలో పక్కన స్కేలు పెట్టండి. పాత ఫోటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, వెనక వైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, చేతిరాత అక్కడే ఉంటాయి. ఫైలు పేరులో రిజిస్టరు సంఖ్య వేయండి. మూడు కాపీలు ఉండాలి, రెండు వేర్వేరు సాధనాల మీద, ఒకటి వేరే ఇంట్లో.

ఆడియో క్యాసెట్లు ఉంటే వాటిని ముందు చూడండి. మిగతా వస్తువులు ఇంకో పదేళ్లు ఆగుతాయి, టేపు ఆగదు. క్యాసెట్ పైఅంచున రెండు చివర్లలో చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. అవి విరిచేస్తే పొరపాటున దాని మీద ఇంకోటి రికార్డు కాదు. ఆ తర్వాతే ప్లేయర్‌లో పెట్టండి.

8. వస్తువు పాడవకుండా

అన్నిటికీ వర్తించేది ఒకటుంది. వేడి, తేమ, ఎండ తక్కువగా ఉండే చోటు కావాలి. పైకప్పు కింద అటక, నేల మీద మూల, బయటి గోడకు ఆనించిన బీరువా, ఈ మూడూ చెడ్డ చోట్లే.

కాగితం: పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి చెక్క గుజ్జుతో చేసిన కాగితంలో ఆమ్లం ఉంటుంది, అందుకే పచ్చబడి పెళుసుగా విరుగుతుంది. పేపర్ కటింగ్‌ను ఉత్తరంతో కలిపి పెడితే ఆ పసుపు ఉత్తరానికీ ఎక్కుతుంది. పెట్టె అడుగున దొరికిన పేపరుకు కూడా విడి కవరు కావాలి. గుండుసూదులు, క్లిప్పులు తీసేయండి, తుప్పు పడుతుంది. సెల్లోటేప్ వేయొద్దు. ల్యామినేషన్ అసలే వద్దు, దాన్ని మళ్లీ విప్పలేం.

ఫోటోలు: వెనక మెత్తటి పెన్సిల్‌తో అంచున పేర్లు రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపు కనిపిస్తుంది. జిగురు పేజీల మీద ప్లాస్టిక్ కప్పిన పాత ఆల్బమ్‌ల నుంచి ఫోటోలు బయటికి తీయాలి. రాకపోతే పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఫోటో కింద నుంచి మెల్లగా లాగండి. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను మాత్రం పీకకండి, అద్దంతో సహా స్కాన్ చేయండి. నీళ్లలో తడిస్తే ఒకదాని మీద ఒకటి ఆరనివ్వకండి, విడదీసి ఆరబెట్టండి. రెండు రోజుల్లో అన్నీ ఆరబెట్టలేమనుకుంటే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి, ఆ రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది.

బట్టలు: మడతల దగ్గరే ముందు చిరుగుతాయి. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్ట చుట్టండి, లేదా ఏడాదికోసారి మడత మార్చండి. పురుగు పడితే మ్యూజియంల్లో కవర్లో బిగించి దాదాపు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో వారం ఉంచుతారు. బయటికి తీశాక ఒక రోజు వరకు కవరు విప్పకూడదు, లేకపోతే గాలిలోని తేమంతా బట్టకు పడుతుంది.

వెండి: రబ్బరు బ్యాండుతో కట్టకండి, ఉన్ని గుడ్డలో చుట్టకండి. వాటిలోని గంధకమే వెండిని నల్లబరుస్తుంది.

9. ఎవరికి వెళ్లాలి

పంపకాల మాట పెద్దవాళ్లు ఉండగానే వాళ్ల నోటితోనే వస్తే గొడవలు తగ్గుతాయి. ‘ఇది ఎవరికి ఇవ్వాలనుంది, ఎందుకు?’ అన్న జవాబును రిజిస్టరులో వాళ్ల చేతిరాతతోనే రాయించండి. సెట్టుగా ఉన్నవాటిని విడగొట్టాల్సి వస్తే మొత్తం సెట్టు ఫోటో, రిజిస్టరు కాపీ అందరికీ వెళ్లాలి. విదేశంలో ఉన్నవాళ్లకు పంపేముందు ఏనుగు దంతం, తాబేలు చిప్ప ఉన్నాయేమో చూడండి. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే, 1975 నుంచి అమల్లో ఉన్న సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, వారసత్వ వస్తువే అయినా వాటికి అనుమతి కాగితాలు కావాల్సి రావచ్చు.

కొన్ని వస్తువులు ఎవరికీ అక్కర్లేదంటారు. నాయనమ్మ కుట్టుమిషన్ విషయంలో మాకు అదే జరిగింది. కాలితో తొక్కే మిషన్, ఎవరింట్లోనూ చోటు లేదు. మొదట మనసొప్పలేదు. తర్వాత పెద్దత్తే ఒక మాట అంది, ‘అది మూల పడుంటే అమ్మకి నచ్చదు, ఎవరైనా కుట్టుకోనీ’ అని. ఇచ్చేముందు రోజు పెద్దత్త చివరిసారి దాని ముందు కూర్చుంది. చిరిగిన దిండు గలేబు ఒకటి కుడుతుంటే ఆ చప్పుడు పన్నెండు నిమిషాలు రికార్డు చేశాం. వరస సంఖ్య, డ్రాయరులో దొరికిన ఏడు గుండీలు, ఆమె చేతుల వీడియో అన్నీ రిజిస్టరులో నాలుగో సంఖ్య కింద ఉన్నాయి. మిషన్ కుట్టుపని మీద బతుకుతున్న ఒకామె దగ్గరికి వెళ్లింది. కథ రాసిన రెండు పేజీల కాపీని డ్రాయరులోనే పెట్టి ఇచ్చాం.